ఆడే పిల్లలకి రొంప పడితే

సంక్రాంతి దగ్గరపడుతోందంటే మా పాలకొల్లు చుట్టుపక్కల గ్రౌండులన్నీ తెల్లవారకముందే లేస్తాయండీ. ఓ పక్క కబడ్డీ జట్లు, ఓ పక్క వాలీబాలు నెట్టు కట్టుకునేవాళ్లు, ఇంకోపక్క కానిస్టేబులు ఈవెంట్లకని పదహారు వందల మీటర్లు పరుగు తీసే కుర్రాళ్లు. ఈమధ్య ఆడపిల్లలూ బాగానే వస్తున్నారు, చూస్తుంటే కడుపు నిండిపోతుంది. అయితే ఆ మంచులో ఈలలతోబాటు దగ్గులు కూడా వినిపిస్తాయి. సరిగ్గా పోటీలు ఇంకో వారం ఉన్నాయనగా ఒకడికి రొంప, ఇంకొకడికి గొంతు గరగర, మరొకడు ఒళ్లు వెచ్చగా ఉందని దుప్పటి ముసుగు తన్ని పడుకుంటాడు. ఇక ఇంట్లో ఒకటే మాట. "వీడికి ఇమ్యూనిటీ లేదండీ, ఏదన్నా డబ్బా కొని పట్టిస్తే మంచిదంటారా?"

ఆడే పిల్లలున్న ఇల్లయితే ఈ ప్రశ్న మీ ఇంట్లోనూ వచ్చే ఉంటుంది. అందుకే ఇవాళ తీరిగ్గా ఈ సంగతే మాట్లాడుకుందాం. నా మాట ముందే చెప్పేస్తాను. ఒంట్లో ఏదన్నా లోటుంటే, ఆ లోటు పరీక్షలో తేలితే, దాన్ని పూడ్చే మాత్ర ఎంత చిన్నదైనా దణ్ణం పెట్టి వేసుకోవాలి. లోటేమిటో తెలుసుకోకుండా కొనే డబ్బా మాత్రం డబ్బు దండగతో ఆగదు, ఒక్కోసారి ఆ పిల్లాడి ఆటకే ఎసరు పెడుతుంది.

అసలు ఆడేవాళ్లకి రొంపలు ఎక్కువ పడతాయా? పడతాయన్న అనుమానం పాతదేనండీ. 1982లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో టూ ఓషన్స్ అనే 56 కిలోమీటర్ల పరుగు జరిగింది. తర్వాత రెండు వారాలు కనిపెట్టుకుని చూస్తే పరిగెత్తినవాళ్లలో మూడోవంతు మందికి రొంప, దగ్గు, గొంతునొప్పి వచ్చాయి. వాళ్ల ఇళ్లలోనే ఉంటూ పరిగెత్తని వాళ్లలో ఆరోవంతుకి కూడా రాలేదు. పైగా ఎంత వేగంగా పరిగెత్తినవాడికి అంత ఎక్కువగా వచ్చాయట. గట్టి శ్రమ తర్వాత రక్తంలో ఒక రకం తెల్లకణాలు కొన్ని గంటలపాటు తగ్గడం కూడా పరీక్షల్లో కనిపించింది. దాంతో, శ్రమ చేసిన ఒంటికి కొన్నాళ్లు కాపలా ఉండదన్న సిద్ధాంతం పుట్టింది. ఇమ్యూనిటీ డబ్బాల వ్యాపారం చాలావరకు ఈ మాట మీదే నిలబడి ఉంది.

2018లో ఇంగ్లండులో బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ కాంప్‌బెల్, జేమ్స్ టర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సిద్ధాంతాన్ని మళ్లీ తిరగేశారు. రక్తంలో కణాలు తగ్గిన మాట నిజమే, అయితే అవి చచ్చిపోలేదు, ఊపిరితిత్తుల వైపు, పేగుల వైపు వెళ్లాయి అన్నారు. స్టేషన్లో కానిస్టేబుళ్లు కనబడలేదంటే అందరూ సెలవు పెట్టారని కాదు కదండీ, ఊళ్లోకి బీటుకెళ్లారని. ఇదీ అలాంటిదే. మరి ఆ రొంపలెక్కణ్ణుంచి వచ్చాయి? వేలమంది ఒకచోట గుమిగూడటం, ప్రయాణం, నిద్ర చాలకపోవడం, పోటీ బెంగ, తిండి వేళ తప్పడం, ఇవన్నీ చూడాలన్నారు వాళ్లు. దీనిమీద పండితుల వాదన ఇంకా తెగలేదు. నాకైతే మన టోర్నమెంట్లు చూస్తుంటే వాళ్లు చెప్పింది కళ్లకి కట్టినట్టు కనబడుతుంది. పొరుగూరు బస్సులో కిక్కిరిసి వెళ్తారు. రాత్రి ఏ బడి వరండాలోనో దోమల్లో పడుకుంటారు. సెల్లు చూస్తూ ఒంటిగంట దాకా మెలకువ. పొద్దున్న టీ నీళ్లతో గ్రౌండులోకి దిగుతారు. ఒకే నీళ్ల బాటిలు ఆరుగురి నోళ్లు తిరుగుతుంది. ఒక్కడికి రొంప ఉంటే సాయంత్రానికి జట్టంతటికీ ఉండదూ?

ఆ బాటిళ్ల మీద ఎవరి పేరు వాళ్లు రాసుకోమని చెప్పడానికి పైసా ఖర్చు లేదు. ఏ పీఈటీ మాస్టారన్నా ఇది చదువుతుంటే ఆ ఒక్కటి అమలు చెయ్యండి మాస్టారూ, పుణ్యముంటుంది.

ఇక డబ్బాల దగ్గరికొద్దాం. జిమ్ముకెళ్లే కుర్రాళ్ల సంచీలో వే ప్రోటీను తర్వాత ఎక్కువగా కనిపించేది క్రియాటిన్. తెల్లటి పొడి, రోజుకో చెంచా నీళ్లలో కలుపుకుంటారు. ఆ కుర్రాళ్లకి నేను తప్పకుండా చెప్పే కథొకటుంది, మీకూ చెబుతాను. కండరం ఒక్కసారిగా బలం చూపించాలంటే దానికి చేతికందే శక్తి కావాలి, అది ఫాస్ఫోక్రియాటిన్ రూపంలో కండరంలోనే నిలవ ఉంటుంది. ఈ సంగతిని 1927లో అమెరికాలోని హార్వర్డులో కనిపెట్టింది సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడు, ఆయనతోబాటు యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా విడిగా దాన్ని పట్టుకున్నారు. ఆ సుబ్బారావుగారు ఎక్కడివారనుకున్నారు? 1895లో మన భీమవరంలో పుట్టారు. ఇక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్ల లోపే. రాజమండ్రిలో కొంతా మద్రాసులో కొంతా చదువుకుని, మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి, గాంధీగారి పిలుపుకి ఖద్దరు కట్టి, ఆ పట్టుదల వల్ల పెద్ద డిగ్రీ పోగొట్టుకుని చిన్న డిగ్రీతో బయటపడిన మనిషి. 1922లో బోస్టను చేరారు. 1929లో ఫిస్కే, సుబ్బారావుగార్లే కండరంలో ఏటీపీ అనే శక్తి పదార్థాన్ని చూపించారు. ప్రపంచంలో ఏ కుర్రాడు క్రియాటిన్ చెంచా నీళ్లలో కలిపినా, ఆ పొడి లోపల ఏం చేస్తుందో చెప్పిన మొదటివాళ్లలో గోదావరి డెల్టా మనిషి ఒకరున్నారు. ఈ సంగతి మన జిమ్ముల గోడల మీద రాసి ఉండాలండీ.

క్రియాటిన్ పని చేస్తుందా అంటే, బరువులెత్తేవాళ్లకీ, వందమీటర్లు పరిగెత్తేవాళ్లకీ కొంత చేస్తుంది, దానికి రుజువులు గట్టివే. రొంప రాకుండా ఆపుతుందా అంటే, దానికీ దీనికీ సంబంధం లేదు. కొన్ని డబ్బాల మీద రెండూ కలిపి రాస్తారు, అక్కడ జాగ్రత్త పడాలి.

సుబ్బారావుగారి కథలో నన్ను ఎక్కువగా కదిలించేది ఇంకో భాగం. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణించి మనిషి అరిగిపోతాడు. ఆయనకీ అదే జబ్బు పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కారు. ఆ తర్వాత పాతికేళ్లకి, అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో రక్తం మళ్లీ పట్టేలా చేసింది అదే. ఒంట్లో ఒక్క చిన్న పదార్థం లోటు మనిషినెలా కూలదోస్తుందో, ఆ లోటు తీరిస్తే ఎలా లేచి కూర్చుంటాడో సొంత ఇంట్లో చావులు చూసి, సొంత ఒంటిమీద అనుభవించి, చివరికి ప్రపంచానికి మందిచ్చిన మనిషాయన. మన ప్రాంతంలో బోదకాలు నివారణకని ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం నుంచి వచ్చిందే. ఏ మాత్రనైనా కొట్టిపారేసే ముందు నేను ఆయన్ని తలుచుకుంటాను. పనికొచ్చే మాత్రలున్నాయి. ఎవరికి, ఎప్పుడు అన్నది తెలియాలి, అంతే.

ఇప్పుడు ఓ తమాషా సంగతి చెప్పనా? ఆటగాళ్ల ఇమ్యూనిటీకని విదేశాల్లో ఖరీదు పెట్టి అమ్మే వాటిలో బోవైన్ కొలోస్ట్రమ్ ఒకటి. పెద్ద పేరులా ఉంది గానీ, అది మన ముర్రుపాలండీ. ఆవు ఈనిన మొదటి రోజు పాలు ఎండబెట్టి పొడి చేసి డబ్బాలో పోస్తారు. 2018లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సప్లిమెంట్ల మీద నిపుణుల చేత ఒక ప్రకటన ఇప్పించింది. అందులో కొలోస్ట్రమ్‌కి రొంపల విషయంలో కాస్తంత రుజువుందని, గట్టిగా చెప్పలేమని రాశారు.

మన ఇళ్లలో అయితే అది జున్ను. పాడి ఉన్నవాళ్లు ముందు దూడకి పట్టించి, మిగిలినవి ఇరుగుపొరుగుకి గ్లాసుడేసి పంపుతారు. పసుపు రంగులో చిక్కగా, జిగురుగా ఉండే ఆ పాలకి మామూలు పాలు కొంచెం కలిపి, బెల్లం చిదిమి వేసి, మిరియాల పొడి, యాలకుల పొడి చల్లి ఆవిరి మీద పెడితే కాసేపటికి గట్టిపడుతుంది. తోడు వెయ్యలేదు, నిమ్మరసం పిండలేదు, మరెలా గట్టిపడిందీ? మొదటి పూట పాలలో దూడని రోగాలనుంచి కాపాడే ప్రతిరక్షకాలు విపరీతంగా ఉంటాయి. అవి మాంసకృత్తులే. వేడి తగలగానే కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడినట్టే అవీ గట్టిపడతాయి. జున్ను కుదిరిందీ అంటే ఆ ప్రతిరక్షకాలు తమ పని చేసే రూపం పోగొట్టుకున్నట్టే. దూడకి కూడా పుట్టిన మొదటి రోజు మాత్రమే అవి పేగుల్లోంచి తిన్నగా రక్తంలోకి వెళ్తాయి, ఆ తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి జున్ను తింటే రొంప రాదనుకోవద్దు. మంచి మాంసకృత్తులు, కమ్మటి రుచి, పక్కింటివాళ్లు పంపిన అభిమానం ఉంటాయి, అవి చాలు. పచ్చివి తాగితే పనిచేస్తాయేమోనని ఎవరూ ప్రయత్నించకండి, పచ్చిపాలతో వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి.

పోటీల్లో ఆడేవాళ్లకి మాత్రం ఇంకో మాట. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా ఈ కొలోస్ట్రమ్ వాడొద్దనే సలహా ఇస్తుంది. నిషేధం లేదు. కానీ అందులో ఐజీఎఫ్-1 లాంటి పెరుగుదల పదార్థాలుంటాయి, అవి డోపింగ్ పరీక్ష ఫలితాల మీద ప్రభావం చూపొచ్చు. ఇంట్లో తినే జున్నుముక్క గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు, రోజూ చెంచాలకొద్దీ పుచ్చుకునే ఆ పొడి సంగతి నేను చెప్పేది.

విటమిన్ సి గురించి ఏమంటారని అడుగుతారు మీరు. కరోనా రోజుల్లో ఆ నారింజ రంగు చప్పరింపు బిళ్లల కోసం మందుల షాపుల ముందు నిలబడని ఇల్లు లేదు. రోజూ వేసుకుంటే మామూలు జనానికి రొంపలు తగ్గవని 2013 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. అదే సమీక్షలో ఓ చిత్రం ఉంది. మారథాన్ పరిగెత్తేవాళ్లు, మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్లు, గడ్డకట్టే చలిలో కసరత్తు చేసే సైనికులు, ఇలా 598 మంది మీద జరిగిన ఐదు పరీక్షల్లో మాత్రం రొంప దాదాపు సగానికి తగ్గింది. అంటే ఒళ్లు విరిచే శ్రమ చేసే ఆ కొద్ది రోజుల్లో ఉపయోగం ఉండొచ్చన్నమాట. అలాగని ఏడాది పొడవునా వెయ్యేసి మిల్లీగ్రాములు మింగితే? 2009లో జర్మనీలో చేసిన ఒక పరీక్షలో నాలుగు వారాలు విటమిన్ సి వెయ్యి మిల్లీగ్రాములు, విటమిన్ ఇ కలిపి ఇచ్చారు. చక్కెరని ఒళ్లు వాడుకునే తీరు వ్యాయామంతో మెరుగుపడాలి కదా, మాత్రలు వేసుకున్నవాళ్లలో ఆ మెరుగు కనబడలేదు. శ్రమలో పుట్టే కాస్త ఒత్తిడే ఒంటికి పాఠం, దాన్ని పూర్తిగా తుడిచేస్తే ఒళ్లు నేర్చుకోదు.

మన రోజువారీ అవసరం మగవాళ్లకి 80 మిల్లీగ్రాములు. ఓ మాదిరి జామకాయ కొరికితే దానికి రెట్టింపు దాటిపోతుంది. పుల్ల జామ, ఎర్ర జామ, ఏదైనా సరే, పెరట్లో రాలిపోయి పాడవుతున్నవి ఎన్నో! వాటిని వదిలేసి షాపుకి పోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

జింకు సంగతి రెండు ముక్కల్లో. రొంప మొదలైన ఇరవై నాలుగు గంటల్లోపు చప్పరింపు బిళ్లలుగా వాడితే రోజులు కాస్త తగ్గొచ్చు. నెలల తరబడి ఎక్కువ మోతాదులో వాడితే ఒంట్లో రాగి తగ్గిపోయి కొత్త రక్తహీనత వస్తుంది. పెద్దవాళ్లకైనా రోజుకి 40 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆ చిన్న కోర్సు తప్ప. రొయ్యలు, పీతలు, నువ్వులు తినే ఇంట్లో దాని లోటు సామాన్యంగా ఉండదు. ప్రోబయాటిక్కుల మీద కాస్త మంచి రుజువే ఉంది గానీ, పరీక్షల్లో వాడిన రకాలు వేరు, రోజుకి వెయ్యి కోట్ల సూక్ష్మజీవులు చొప్పున వారాలపాటు ఇచ్చారు. మన పెరుగుని దానితో సమానమని చెప్పలేను, పెరుగు మానమనీ చెప్పను.

విటమిన్ డి దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఎండ దండిగా ఉన్న మనకి దాని లోటేమిటి అంటారు అందరూ. తిరుపతి స్విమ్స్‌లో హరినారాయణ్ అనే డాక్టరుగారు, ఆయన తోటివాళ్లు ఇదే ప్రశ్న వేసుకుని ఏళ్ల తరబడి కొలిచారు. తిరుపతిలో ఆరోగ్యంగా తిరిగే పట్నవాసుల్లో సగానికి మించి విటమిన్ డి తక్కువగానే ఉంది. పొలం పనిచేసే మగవాళ్లలో పరిస్థితి కాస్త నయం, వాళ్లలోనూ లోటున్నవాళ్లు తక్కువేం లేరు. ఎండలో ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు మధ్య కిరణాలే చర్మంలో విటమిన్ తయారుచెయ్యగలవని కూడా వాళ్లు చూపించారు. ఇప్పుడు మన పిల్లల దినచర్య చూడండి. తెల్లవారుజామున ప్రాక్టీసు, పగలంతా తరగతి గది, చీకటి పడ్డాక మళ్లీ ప్రాక్టీసు. షటిలు ఆడేవాళ్లయితే కప్పు కిందే. చించినాడ వంతెన దాటి రాజోలు మీదుగా వెళ్తే వచ్చే అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల డబుల్స్‌లో స్వర్ణం కొట్టాక, షటిలు బ్యాటు పట్టే పిల్లలు మా చుట్టుపక్కల బాగా పెరిగారు. ఆ పిల్లలకి రక్తపరీక్ష చేయించి, లోటుంటే డాక్టరు చెప్పిన మోతాదులో విటమిన్ డి వేయించడం మంచి ఖర్చే. 2017లో పదకొండు వేలమంది వివరాలు కలిపి చూసిన పెద్ద అధ్యయనంలో, బాగా లోటున్నవాళ్లకి రోజూ గానీ వారానికోసారి గానీ విటమిన్ డి ఇస్తే ఊపిరితిత్తుల, గొంతు జబ్బులు తగ్గాయని తేలింది. ఒకేసారి పెద్ద డోసు గుమ్మరిస్తే ఆ ఫలం రాలేదు.

ఇక నాకు భయం వేసే భాగం. డబ్బా లోపల నిజంగా ఏముంది?

మొన్న ఓ కుర్రాడు తన డబ్బా తెచ్చి "ఇది మంచిదేనా బాబాయ్, కోచ్ తెప్పించాడు" అని నా చేతిలో పెట్టాడు. వ్యాయామానికి ముందు తాగే పొడి. ముందు వైపు సింహం బొమ్మ, మంటలు. వెనక్కి తిప్పితే చీమతలకాయంత అక్షరాలు. పదార్థాల పేర్లు ఇరవై దాకా ఉన్నాయి, వేటి మోతాదు ఎంతో విడిగా లేదు, అన్నీ కలిపి ఒకే మిశ్రమమని ఒకే అంకె వేశారు. కెఫీన్ ఉంది, ఎంతో తెలియదు. మన ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం హెల్త్ సప్లిమెంట్ అని, వైద్య అవసరాలకి కాదని లేబులు మీద రాయాలి, పద్నాలుగంకెల లైసెన్సు నంబరుండాలి. దానిమీద ఆ నంబరు లేదు. "ఒరేయ్ అబ్బాయ్, ఇందులో ఏముందో నీకు అమ్మినవాడికీ తెలియదురా" అని తిరిగిచ్చేశాను.

ఇది నా ఊహాగానం కాదండీ. ఒలింపిక్ కమిటీ డబ్బుతో జర్మనీ శాస్త్రవేత్తలు 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లు పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. హార్మోన్లు కావని అమ్మిన వాటిలోనే నూటికి పదిహేను దాకా లేబులు మీద లేని స్టెరాయిడ్ సంబంధ పదార్థాలు దొరికాయి. మన దేశంలో 2024లో కేరళ వైద్యుల బృందం 36 ప్రోటీను పొడులు పరీక్షిస్తే, దాదాపు డెబ్భై శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీను లెక్క తప్పు. కొన్నింటిలో బూజువిషం, కొన్నింటిలో పురుగుమందుల ఆనవాళ్లు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల ముందు మనవాళ్లు పలువురు మిథైల్‌హెక్సేనమైన్ అనే ఉత్ప్రేరకంతో దొరికిపోయారు. అప్పట్లో అది సప్లిమెంట్లలో జెరేనియం నూనె అన్న అమాయకమైన పేరుతో చలామణీ అయ్యేది.

డోపింగ్ నియమం చాలా కఠినం. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే, ఎవరిచ్చారు, తెలిసి తాగావా తెలియక తాగావా అన్నది తర్వాతి మాట. స్టెరాయిడైతే నాలుగేళ్ల నిషేధం దాకా పోతుంది. పంతొమ్మిదేళ్ల పిల్లకి నాలుగేళ్లంటే ఆట అయిపోయినట్టే. 2022లో మన పార్లమెంటు దీనికి చట్టమే చేసింది. 2023లో మన దేశంలో 5,606 నమూనాలు పరీక్షిస్తే 213 నమూనాల్లో నిషేధ పదార్థాలు దొరికాయి, పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో అదే అత్యధిక శాతం. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అందులో తెలిసి తప్పు చేసినవాళ్లుంటారు, ఒప్పుకుంటాను. డబ్బా నమ్మి మునిగిన పల్లెటూరి పిల్లలూ ఉంటారు. ఇంకా ఘోరం, మత్తుమందు ఇచ్చినప్పుడు పడిపోయే రక్తపోటు ఎత్తడానికి ఆపరేషన్ థియేటర్లో వాడే మెఫెంటర్మైన్ ఇంజెక్షన్ని స్టామినా కోసమని జిమ్ముల్లో పొడిపిస్తున్నారు. అధికారులు దాడులు చేసి పట్టుకుంటున్నారు. మీ అబ్బాయి దగ్గర అలాంటి సీసా కనబడితే కొట్టకండి, తిట్టకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, అది గుండెతో చెలగాటం.

మరి ఏం పెట్టాలంటారు? అరవై కిలోల కుర్రాడికి గట్టి ప్రాక్టీసు రోజుల్లో ఎనభై, తొంభై గ్రాముల మాంసకృత్తులు కావాలి. మన వంటింట్లో లెక్కేద్దాం రండి. మూడు గుడ్లకి పద్దెనిమిది గ్రాములు. అర లీటరు గేదెపాలు, పెరుగు కలిపి మరో పద్దెనిమిది. యాభై గ్రాముల కందిపప్పుకి పదకొండు. శీలావతో బొచ్చో రెండు ముక్కలు, నూటయాభై గ్రాములనుకుంటే ఇరవయ్యేడు. మూడు పూటలా కలిపి మూడొందల గ్రాముల బియ్యం ఉడికితే అందులోనూ ఇరవై పైచిలుకు. తొంభై దాటేసింది, డబ్బా మూత తియ్యకుండానే. తణుకు వైపు కోళ్లఫారాలు, భీమవరం వైపు చేపల చెరువులు ఉన్న జిల్లాలో మాంసకృత్తులకి కరువేమిటండీ. శాకాహారులైతే పప్పు రెండు పూటలా పెంచి, పల్లీలు, పెరుగు, సున్నుండలు కలుపుకోవాలి. మా ఊరి దిబ్బరొట్టె ఉండనే ఉంది, మినప్పప్పుతో నిప్పుల మీద మందంగా కాల్చినది, గ్రౌండునుంచి వచ్చిన పిల్లాడి ఆకలికి సరిపోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండలు పెంచడానికి ప్రోటీను పొడులు వద్దనే చెప్పింది.

అన్నం మానేసే పిచ్చి కూడా ఒకటి బయలుదేరింది. పిండిపదార్థం తగ్గించి గట్టి ప్రాక్టీసు చేస్తే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, రొంపకి తలుపు తీసేది అవే కావొచ్చు. కబడ్డీలో, బరువులెత్తడంలో తూకానికని రెండ్రోజులు కడుపు మాడ్చుకునే పిల్లలు ఆ వెంటనే జబ్బు పడటం కొంత అందుకే కావొచ్చు. ఎక్కువసేపు ఆడితే గంటకి ముప్ఫై గ్రాముల తీపైనా లోపలికి పోవాలి, పెద్ద అరటిపండు ఒకటి చాలు. నిద్ర సంగతి కూడా వినండి. అమెరికాలో 164 మందికి ముక్కులో రొంప వైరస్ చుక్కలు వేసి చూశారు. ఆరు గంటలకన్నా తక్కువ నిద్రపోయేవాళ్లకి రొంప పట్టే అవకాశం నాలుగింతలు. ఇంత బలంగా పనిచేసే పొడి ఏ కంపెనీ దగ్గరా నేను చూడలేదు.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి, ఇదే నా మనసులో అన్నిటికన్నా ముందున్న సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. పరిగెత్తే పిల్ల ఆయాసపడితే, మాటిమాటికీ నలత పడితే "బలం లేదు" అని పౌడరు కొంటారు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించరు. బడుల్లో వారానికోసారి నీలం రంగు మాత్ర ఇస్తారు, ఇనుము, దానితోబాటు ఫోలిక్ ఆమ్లం. భీమవరం మనిషి బృందం తయారుచేసిన ఆ ఫోలిక్ ఆమ్లమే. ఉచితం. వికారమనీ, చేదనీ పిల్లలు దాన్ని గోడవతల విసిరేస్తుంటే చూసి ఊరుకోలేకపోతున్నాను. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. జామముక్కో నిమ్మరసమో పక్కన ఉంటే ఇనుము బాగా ఒంటపడుతుంది. టీ కాఫీలు మాత్రం ఓ గంట దూరం పెట్టాలి. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే వారానికో మాత్ర సరిపోదు, పీహెచ్‌సీకి తీసుకెళ్తే డాక్టరు మోతాదు చెబుతారు.

చివరిగా, రొంప పట్టేసిన పిల్లని గ్రౌండుకి పంపాలా వద్దా అన్నది. ఆటల డాక్టర్లు మెడ లెక్క చూస్తారు. ముక్కు కారడం, తుమ్ములు, కాస్త గొంతు గరగర, ఇలా మెడకి పైనే ఉంటే మెల్లగా పది నిమిషాలు నడిపించి, జాగింగు చేయించి చూడండి. బాగుంటే తేలిగ్గా కొనసాగించొచ్చు, తలనొప్పి పెరిగితే ఇంటికి. మెడకి కింద, అంటే ఛాతీలో కఫం, ఒళ్లు నొప్పులు, విరేచనాలుంటే విశ్రాంతే. జ్వరం ఉంటే అసలు పంపనే వద్దు, ఫైనల్ మ్యాచి అయినా సరే. కొన్ని వైరస్‌లు గుండె కండరాన్ని పట్టుకుంటాయి, ఆ సమయంలో గట్టిగా పరిగెత్తిస్తే ప్రాణం మీదికొస్తుంది. జ్వరం తగ్గి, మాత్ర వేసుకోకుండానే ఒక పూర్తి రోజు గడిచాక నడక, మర్నాడు తేలికపాటి పరుగు, అలా నాలుగైదు రోజుల్లో మామూలు ప్రాక్టీసుకి తీసుకురండి. మధ్యలో ఛాతీలో నొప్పి గానీ, గుండెదడ గానీ, మునుపు లేని ఆయాసం గానీ కనిపిస్తే అక్కడితో ఆపి ఈసీజీ తీయించండి.